తెడ్డు మీద చెయ్యి

ఆస్పత్రిలో అతన్ని అందరూ సున్నం అనే పిలుస్తారు. డాక్టర్లు "ఏమయ్యా సున్నం" అంటారు, నర్సులు "సున్నం అన్నయ్యా" అంటారు, కట్టు కట్టించుకున్న పిల్లలు "సున్నం బాబాయ్" అంటారు. ఇరవై ఏడేళ్ళుగా విరిగిన చేతులకీ కాళ్ళకీ ప్లాస్టర్ వేసి వేసి, ఆ తెల్లపొడి అతని మోచేతుల్లోకీ కనుబొమల్లోకీ చెవుల మడతల్లోకీ ఇంకిపోయింది. సాయంత్రం ఇంటికెళ్ళి ఎంత తోముకున్నా గోళ్ళ మొదళ్ళలో కొంత మిగిలిపోతుంది. "మీ చేతులు చూస్తుంటే గోడకి భోజనం పెడుతున్నట్టుందండీ" అంటుంది భార్య, కంచం ముందుకి తోస్తూ. అతను నవ్వడు. ఒకప్పుడు నవ్వేవాడు.

ఇప్పుడు అతని కోపం ముక్కు మీదే ఉంటుంది. పొద్దున కట్లగది తాళం తీస్తూనే మొదలవుతుంది. కడిగిన ప్లాస్టర్ పేరుకుపోయి తొట్టిలో నీళ్ళు కదలవని కోపం. ఇనుప బల్ల మీది రెగ్జిను చిరిగి మూడేళ్ళయినా మార్చరని కోపం. ఉన్న ఒక్క కిటికీ చెత్తకుండీ వైపు తెరుచుకుంటుందని కోపం. నర్సులు అతని గది ముందునుంచి వెళ్ళేటప్పుడు మాట తగ్గించి నడుస్తారు. "పొద్దున్నే ఎవరి మొహం చూసి లేచాడో" అని ఒకామె అంటే, "ఆయన పడుకుంటేగా లేవడానికి" అని రెండో ఆమె అంటుంది.

ఆ కోపానికి ఒక ఆకారం ఉంది. అది ఎక్స్‌రే గదిలో మేకుకి వేలాడుతూ ఉంటుంది. మూరెడు పొడవు, జానెడు వెడల్పు, ఒక కొస గుండ్రంగా, అచ్చం పడవ తెడ్డు ఆకులాంటి చెక్క. దానికి నాలుగు గుడ్డ పట్టీలు. చెయ్యి విరిగి పిల్లాడొచ్చినా పిల్లొచ్చినా ముందు ఆ తెడ్డు మీద అరచేతిని బోర్లా పరిచి నాలుగు పట్టీలూ బిగిస్తారు. పిల్లలు కదులుతారు, కదిలితే బొమ్మ చెదురుతుంది, చెదిరితే ఇంకో ఫిల్ము దండగ. అందుకని. బొమ్మ తీశాక కూడా పట్టీలు విప్పరు. పిల్ల ఆ తెడ్డుతోనే డాక్టరు దగ్గరికి వెళ్తుంది. డాక్టరు ఫిల్ము చూసి చీటీ రాస్తాడు. అదే తెడ్డుతో కట్లగదికి వస్తుంది. చెయ్యి ఎలా పడుకుని ఉందో అలాగే పైనుంచి ప్లాస్టర్ పరిచి, గట్టిపడ్డాక కిందనుంచి తెడ్డు లాగేసి, మళ్ళీ ఎక్స్‌రే గదికి పంపాలి. అక్కడ ఇంకో పిల్ల ఏడుస్తూ ఉంటుంది. ఈ పద్ధతి ఎవరు కనిపెట్టారో గానీ పని మాత్రం చకచకా నడుస్తుంది. విరిగిన గంట నుంచి కట్టు విప్పే రోజుదాకా ఆ చేతిని ఎవరూ ఒక్కసారైనా ముడిచి చూడరు.

నలభై మూడేళ్ళ కిందట ఆ తెడ్డు మీద పడుకున్న చేతుల్లో అతనిదీ ఒకటి.

అప్పుడతనికి తొమ్మిదేళ్ళు. తండ్రి ఒక హోటలు లాండ్రీలో పనిచేసేవాడు. సెలవు రోజు తండ్రితో వెళ్ళి తడి దుప్పటి ఒక కొస పట్టుకున్నాడు. రెండో కొస పట్టుకుని తండ్రి పిండాడు. ఆటలో పిల్లవాడు దుప్పటి అంచుని ఉంగరపు వేలికి చుట్టుకున్నాడని తండ్రికి తెలీదు. పటుక్కుమంది. అరచేతి లోపలి ఎముక, వేలి కింద ఉండేది, మెలితిరిగి విరిగింది. ఈ ఆస్పత్రికే తెచ్చారు. తెడ్డు మీద పడుకోబెట్టారు. "తిన్నగానే ఉంది, పిల్లల ఎముక కదా, అతుక్కుంటుంది" అన్నారు. అతుక్కుంది. చెయ్యి చాపితే ఈనాటికీ ఏ వంకా కనబడదు. ముడిస్తే మాత్రం ఉంగరపు వేలు దారి తప్పి నడిమి వేలి కిందికి దూరిపోతుంది. దోసిలి పడితే ఆ సందులోంచి నీళ్ళు కారిపోతాయి. వాచీలు బాగుచేసే పని నేర్చుకోబోయాడు. పట్టకారు పట్టినప్పుడల్లా ఆ వేలు అడ్డం పడేది. నెల తిరక్కుండానే కొట్టాయన, "నాయనా, నీ చెయ్యి నా మాటా వినదు, నీ మాటా వినదు" అని పంపేశాడు. తండ్రి పోయేదాకా ఆ చేతి వైపు తిన్నగా చూడలేదు. తనే విరిచానని ఆయన బాధ. విరగ్గొట్టింది ఆయనే, నిజమే. వంకరగా అతికించింది ఎవరు? ఆ సంగతి ఎవరూ అడగలేదు.

చివరికి కడుపు కోసం చేరింది ఈ కట్లగదిలోనే. ప్లాస్టర్ పరచడానికి సన్నటి వేళ్ళ పనితనం అక్కర్లేదు, వెడల్పాటి అరచేతులు కావాలి. తడి ప్లాస్టర్ నిమిరేటప్పుడు అతని ఉంగరపు వేలు కొంచెం ఒరిగి, కట్టు మీద ఏటవాలుగా ఒక గాడి మిగిలేది. ఊళ్ళో ఎక్కడ ఆ గాడి కనబడినా ఇది సున్నం కట్టు అని ఆస్పత్రివాళ్ళు గుర్తుపట్టేవారు.

చేరిన కొత్తలో ఒకసారి అడిగాడు. ఒక పాప తాలూకు చీటీ పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళి, "సార్, కట్టేముందు ఒక్కసారి ముడిచి చూద్దామా" అన్నాడు. ఆ డాక్టరు తల కూడా ఎత్తలేదు. "ఏం, నువ్వు డాక్టరువి ఎప్పుడయ్యావ్?" అన్నాడు. గదిలో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. అందరితో పాటు తనూ నవ్వాడు. ఆ తర్వాత పాతికేళ్ళు తెడ్డు మీద చెయ్యి ఎలా వస్తే అలాగే కట్టాడు. నోరు మూసుకున్నాడు అనడానికి కూడా లేదు, నోరు బాగానే తెరిచాడు. పిల్లలకి కథలు చెప్పేవాడు. "ఈ కట్టులో ఒక ఎలుక పడుకుంది, ఏడిస్తే లేస్తుంది" అని భయపెట్టి నవ్వించేవాడు. కట్టు మీద పెన్సిలుతో మీసాల మొహం గీసేవాడు. అతని దగ్గర కట్టు కట్టించుకున్న పిల్లలు నవ్వుతూ బయటికి వచ్చేవారు.

రెండేళ్ళ కిందట బస్సులో ఒక కుర్ర కండక్టరు అతనికి టికెట్ చింపి ఇచ్చాడు. ఇస్తున్న చేతిలో ఉంగరపు వేలు నడిమి వేలి కింద ఉంది.

"ఆ వేలికేమైంది బాబూ?" అన్నాడు సున్నం.

"చిన్నప్పుడు విరిగిందండీ. అతుక్కుంది గానీ ఇలా అతుక్కుంది. చిల్లర చేతిలో నిలవదు, జారిపోతుంది. రోజూ ఎవరో ఒకరు తిడతారు."

"ఎక్కడ కట్టారు?"

"పెద్దాస్పత్రిలోనే. నాకింకా గుర్తు. సున్నం బాబాయ్ అని ఒకాయన ఉండేవాడు. భలే మనిషి లెండి. లోపల ఎలుక ఉందని నవ్విస్తూ కట్టాడు."

సున్నం తర్వాతి స్టాపులో దిగిపోయాడు. అది అతను దిగవలసిన స్టాపు కాదు. ఇల్లు ఇంకా రెండు మైళ్ళుంది. నడిచాడు.

ఆ రోజుతో ఎలుక కథ ఆగిపోయింది. మర్నాటి నుంచి ఏ పిల్ల వచ్చినా తెడ్డు పట్టీలు విప్పి, "పిడికిలి బిగించు" అనడం మొదలుపెట్టాడు. విప్పకూడదని నియమం. విప్పితే ఆలస్యం, ఆలస్యమైతే వరండాలో వరస పెరుగుతుంది, వరస పెరిగితే డాక్టర్లకి మండుతుంది. రెండేళ్ళలో ఏడు మెమోలు ఇచ్చారు. అతను రెండొందల పిడికిళ్ళు చూశాడు. కొన్ని ఎముకలు వంగాయి, కొన్ని చిట్లాయి, కానీ మెలితిరిగిన వేలు ఒక్కటీ రాలేదు. ప్రతిసారీ మళ్ళీ పట్టీలు బిగించి, చీటీలో రాసినట్టే కట్టి పంపించాడు. ఎక్స్‌రే గది వాళ్ళు అతన్ని చూస్తే చాలు పిడికిలి ఎత్తి ఊపేవారు. "సున్నం బాబాయ్ పార్టీ పెట్టాడు, గుర్తు పిడికిలి" అని ఒకడు. వరండా అంతా నవ్వు.

రెండొందల ఒకటో చెయ్యి ఒక పదకొండు గంటల వేళ వచ్చింది.

ఎనిమిదేళ్ళ పిల్ల. బడి యూనిఫారం మీదే ఉంది. ఒక కాలికి చెప్పు లేదు. కుడిచెయ్యి తెడ్డు మీద, తెడ్డు అమ్మమ్మ ఒళ్ళో. అమ్మమ్మ మెడలో కొలతల టేపు వేలాడుతోంది, పని మధ్యలో లేచి వచ్చినట్టు. బడి పక్కనే కుట్టుమిషను పెట్టుకుని బతికే మనిషి. పిల్ల తల్లి ఫ్యాక్టరీలో ఉంది, మధ్యలో వదలరు.

"ఎలా విరిగింది?" అన్నాడు సున్నం, గుమ్మం వైపు చూస్తూ.

"ఏం చెప్పమంటావయ్యా, స్కిప్పింగ్ తాడు వేలికి చుట్టుకుని రెండో కొస గేటుకి కట్టింది మా పిచ్చుక. ఎవడో వచ్చి గేటు విసురుగా తీశాడు."

"నేను కట్టలేదు. ముందే కట్టుంది" అంది పిచ్చుక, వెక్కుతూనే.

సున్నం తల గిర్రున తిప్పాడు. "ఏ వేలికి చుట్టుకున్నావ్?"

పిల్ల ఎడమచేత్తో చూపించింది. ఉంగరపు వేలు.

అతను పట్టీలు ఒక్కొక్కటే విప్పాడు. చెయ్యి కిందికి జారకుండా తన అరచేతిలోకి తీసుకున్నాడు. వాచి, వేడిగా ఉంది. "పిడికిలి బిగించమ్మా. మొత్తం అక్కర్లేదు. సగం చాలు. నొప్పెడితే ఆపెయ్."

పిల్ల పెదవి కొరుక్కుని వేళ్ళు ముడిచింది. మూడు వేళ్ళ గోళ్ళు బొటనవేలి మొదలు వైపు ఒరిగాయి. ఉంగరపు వేలు వాటితో పోలేదు. గోరు పక్కకి తిరిగి, మెల్లగా, నడిమి వేలి కిందికి దూరింది.

సున్నం చీటీ తీసుకుని విసురుగా బయటికి నడిచాడు.

చిన్న డాక్టరు గదిలో ఫిల్ము ఇంకా దీపం పెట్టె మీదే ఉంది. అరచేతి ఎముక మీద వెంట్రుకంత గీత, ఏటవాలుగా. అంతే. ఆ డాక్టరుకి ముప్పై దాటి ఉండవు, కళ్ళ కింద నల్లటి చారలు, గుమ్మం బయట నలభై మంది.

"సార్, వేలు మెలితిరిగి ఉంది. తిప్పి సరిచెయ్యాలి. అలాగే కడితే అలాగే అతుక్కుంటుంది."

"మళ్ళీ మొదలెట్టావా? ఇటు చూడు. ఎముక గీత గీసినట్టు తిన్నగా ఉంది."

"ఫిల్ములో తిన్నగానే ఉంటుంది సార్. తెడ్డుకి కట్టి తీశారు కదా. వచ్చి చెయ్యి చూడండి, రెండు నిమిషాలు."

"రెండేళ్ళుగా రెండు నిమిషాలు, రెండు నిమిషాలు అంటూనే ఉన్నావట. ఒక్కటైనా నిజమైందా? వెళ్ళి కట్టు."

"కట్టను."

డాక్టరు పెన్ను కింద పెట్టాడు. "ఏమన్నావ్?"

"ఈ చెయ్యి ఇలా కట్టనన్నాను."

"నువ్వు కట్టకపోతే నేను కడతాను. పక్కకి తప్పుకో."

చిన్న డాక్టరు లేచి వచ్చేలోపు సున్నం తన గదికి చేరి, ప్లాస్టర్ చుట్టలున్న బీరువాకి తాళం వేసి, తాళంచెవి గుప్పిట్లో పెట్టుకుని బీరువాకి వీపు ఆనించి నిలబడ్డాడు. ఆస్పత్రి మొత్తానికి ప్లాస్టర్ ఉన్నది ఆ ఒక్క బీరువాలోనే.

వార్త వరండాలోకి క్షణంలో పాకింది. కాలు విరిగినవాడు కుంటుకుంటూ వచ్చి తొంగిచూశాడు. "ఏమైంది?" "తాళం వేశాడట." "జీతం పెంచమని కాబోలు." "ఆయన కోపం తగ్గేదాకా నా కాలు ఇలా గాల్లో పెట్టుకోవాలా?" "నీది కాలు, మా వాడిది మోచెయ్యి, పొద్దున ఆరింటికి వచ్చాం!" ఎవరో బూతు కూడా తిట్టారు. అతని వైపు మాట్లాడినవాళ్ళు ఒక్కరంటే ఒక్కరు లేరు. ఎవరి కోసం నిలబడ్డాడో ఆ అమ్మమ్మే అందరికన్నా ముందు ఒంటికాలి మీద లేచింది.

"ఏంటయ్యా నీ గోల? డాక్టరు గారు కట్టమంటుంటే నీకెందుకు మధ్యలో? పిల్ల ప్రాణం పోతోంది ఇక్కడ, నీకు పంతాలా? నీకు పిల్లల్లేరా?"

"పెద్దమ్మా, నా మాట విను..."

"నీ మాట వింటే నా పిల్ల చెయ్యి ఎవరు చూస్తారు? తియ్ తాళం!"

పిచ్చుక చెయ్యి అప్పటికే అతను దిండు మీద ఎత్తుగా పెట్టి తడిగుడ్డ కప్పాడు. పిల్ల ఏడుపు మానేసి కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తోంది. తన నొప్పి కంటే పెద్దవాళ్ళ తగాదా ఆసక్తిగా ఉన్నట్టుంది.

ఈలోగా పెద్ద డాక్టరు వచ్చాడు. ఆస్పత్రికంతటికీ అధికారి. అరవడు. మెత్తగా మాట్లాడతాడు. ఆ మెత్తదనం చూసే అందరూ జడుస్తారు.

"నాయనా, ఆ తాళంచెవి ఇటివ్వు."

"ఆయన్ని చెయ్యి చూడమనండి సార్. ఇస్తాను."

"డాక్టరు ఏం చూడాలో నువ్వు చెప్తున్నావా?"

"మీరెవరూ చూడరు కాబట్టి చెప్తున్నాను!" అతని గొంతు వరండా చివరిదాకా వెళ్ళింది. "ఎక్స్‌రే గదిలో పరుస్తారు, మీ గదిలో పరిచిందే చూస్తారు, ఇక్కడ పరిచిందే కడతారు. మనిషి చేతిని పరిచి ఎవడైనా బతుకుతాడా సార్? చెంచా పరిచి పట్టుకుంటాడా? తలుపు పరిచి తీస్తాడా? ఇంతమంది చదువుకున్నవాళ్ళు, చెయ్యి ముడుచుకుంటుందన్న సంగతి ఒక్కరికీ తెలీదా?"

అంటూ గుప్పిట బిగించి బీరువా తలుపు మీద ధడాలున గుద్దాడు. గుద్దిన గుప్పిట అలాగే గాలిలో ఉండిపోయింది.

ఇరవై ఏడేళ్ళలో ఆస్పత్రిలో ఎవరూ అతని కుడి గుప్పిట చూడలేదు. ఎప్పుడూ ఆ చేతిలో ప్లాస్టర్ చుట్టో, కత్తెరో, గుడ్డో పట్టుకుని తిరిగేవాడు. కోపంలో మరిచిపోయాడు.

"బాబాయ్" అంది పిచ్చుక, "నీ వేలు కూడా గేటులో పడిందా?"

అతను చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు. అమ్మమ్మ ఊరుకోలేదు. మణికట్టు పట్టుకుని ముందుకి లాగి, కళ్ళజోడు సర్దుకుని, సూదిలో దారం ఎక్కించేటప్పుడు చూసినంత దగ్గరగా చూసింది. తాళంచెవి చుట్టూ ముడుచుకున్న వేళ్ళు. నడిమి వేలి కింద దూరిన ఉంగరపు వేలు. తర్వాత దిండు మీది మనవరాలి చెయ్యి చూసింది. "ఇందాక ముడిచినట్టు ముడువే" అంది. పిల్ల ముడిచింది.

గుమ్మం దగ్గరున్న చిన్న డాక్టరు ఒక అడుగు లోపలికి వేశాడు.

"ఇదెవరు కట్టారు?" అంది అమ్మమ్మ, అతని చెయ్యి వదలకుండా.

"ఇక్కడే. ఈ గదిలోనే. నాకు తొమ్మిదేళ్ళప్పుడు."

"మరి అప్పుడు బొమ్మ తీయలేదా?"

"తీశారు. తిన్నగానే ఉందన్నారు."

ఆమె పెద్ద డాక్టరు వైపు తిరిగింది. ఇందాకటి కోపమే, ఒక్క చుక్క కూడా తగ్గలేదు. మొహం మాత్రం ఇటు తిరిగింది.

"అయ్యా, నేను నలభై ఏళ్ళుగా చొక్కాలు కుడుతున్నాను. చొక్కా చెయ్యి మెలికపడేలా కుట్టినా, బల్ల మీద పరిచి ఇస్త్రీ చేస్తే తిన్నగానే కనబడుతుంది. మనిషి తొడుక్కుని చెయ్యి ఎత్తినప్పుడు తెలుస్తుంది దాని సంగతి. అందుకే తొడిగించి చూడందే నేను ఏ చొక్కా ఇవ్వను. గుడ్డకే తొడిగించి చూస్తామే, నా పిల్ల చేతికి చూడరా?"

"అమ్మా, అది వేరు, ఇది..."

"ఏం వేరు? అందరికీ చేతులున్నాయిగా!" గుమ్మం దగ్గర మూగిన జనం వైపు తిరిగింది. "ఏం నాయనా, నువ్వు ముడువు. ఏమ్మా, నువ్వూ. ముడిచి చూసుకోండి, ఎవరి వేలైనా ఇలా పక్కోడి కిందికి దూరుతుందా?"

ముందు కాలు విరిగినవాడు ముడిచాడు. పక్కనున్న ముసలాయన ముడిచాడు. చంకలో బిడ్డనెత్తుకున్న తల్లి రెండో చెయ్యి ముడిచింది. వరండా పొడుగునా, ఇందాక బూతులు తిట్టినవాళ్ళతో సహా, అందరూ తమ తమ గుప్పిళ్ళు మొహాల ముందు పెట్టుకుని తిప్పి తిప్పి చూసుకుంటున్నారు. పుట్టినప్పటి నుంచి ఉన్న చేతుల్ని మొదటిసారి చూస్తున్నట్టు. "అరె, అన్నీ ఒకవైపే పోతున్నాయే." "నావీ అంతే." "నీ చిటికెన వేలేంట్రా అలా ఉంది?" "అది నాకు పుట్టుకతోనే."

చిన్న డాక్టరు రెండు చేతులూ కోటు జేబుల్లో ఉన్నాయి. కుడి జేబు గుడ్డ మెల్లగా గుండ్రంగా ఉబ్బింది. లోపల అతనూ ముడిచాడని అందరికీ తెలిసిపోయింది.

ఆ డాక్టరు వచ్చి స్టూలు మీద కూర్చుని పిచ్చుక చెయ్యి తీసుకున్నాడు. ఈసారి ఫిల్ము వైపు చూడలేదు. చాలాసేపు గోళ్ళ వైపే చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. "మత్తు ఇంజెక్షన్ తెండి" అన్నాడు నర్సుతో.

చెయ్యి మొద్దుబారాక డాక్టరు వేళ్ళన్నీ ముడిచి, ఉంగరపు వేలు పట్టుకుని లాగుతూ తిప్పాడు. వదిలాడు. వేలు కొంచెం ఇటు వచ్చింది.

"చాలా?"

"చాలదు" అన్నాడు సున్నం. "గోరు చూడండి. ఇంకా నా వైపే చూస్తోంది. పాప వైపు చూడాలి."

డాక్టరు మళ్ళీ పట్టుకున్నాడు. లోపల చిన్నగా కిర్రుమంది. అమ్మమ్మ కొలతల టేపు కొస నోట్లో కుక్కుకుంది. నాలుగు గోళ్ళూ ఒకేచోటికి ఒరిగాయి.

"వదలకండి సార్, అలాగే పట్టుకోండి." సున్నం గుప్పిట తెరిచాడు. తాళంచెవి అరచేతిలో అచ్చు గుద్దినట్టు దిగింది. బీరువా తీశాడు. ఉంగరపు వేలినీ చిటికెన వేలినీ మధ్యలో దూది పెట్టి జంటగా కట్టి, ముడిచిన చేతిని ముడిచినట్టే ఉంచి, తెడ్డు లేకుండా, తడి ప్లాస్టర్ చుట్టాడు. అరచేత్తో నిమిరాడు. ఏటవాలు గాడి పడింది. ఆ పూట మిగిలిన ముప్పై తొమ్మిది మందికీ వరసగా కట్లు కట్టాడు.

మర్నాడు మెమో వచ్చింది. ఎనిమిదోది. విధులకు ఆటంకం, అధికారుల పట్ల దురుసు ప్రవర్తన, ఆస్పత్రి సామగ్రిని తాళం వేసి నిర్బంధించుట. మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. ఆ వారంలోనే గోడకి ఒక ఉత్తర్వు కూడా అంటించారు. సున్నం దాని ముందు నిలబడి రెండుసార్లు చదివాడు. తెడ్డు గురించి ఏమైనా ఉందేమోనని. లేదు. కట్లగది బీరువాకి ఇకనుంచి రెండు తాళంచెవులు ఉండాలని, రెండోది ఆఫీసులో భద్రపరచాలని ఉంది. జరిగినదాంట్లోంచి ఆస్పత్రి నేర్చుకున్న పాఠం అది.

సంజాయిషీలో అతను ఒకే వాక్యం రాశాడు. "పిడికిలి బిగించి చదవగలరు." రాసిన చెయ్యి వంకర, అక్షరాలు కూడా వంకరే. ఒక ఏడాది ఇంక్రిమెంటు ఆపేశారు. చిన్న డాక్టరు మాత్రం చెయ్యి విరిగిన ప్రతి పిల్లనీ చీటీ రాసేముందు కట్లగదికి పంపడం మొదలుపెట్టాడు. తెడ్డుతోనే పంపేవాడు. పట్టీలు విప్పే పని సున్నానిదే. థాంక్స్ గానీ క్షమాపణ గానీ లేదు. అతనూ ఎదురుచూడలేదు. రెండొందల ఒక్కటి తర్వాత రెండొందల రెండు.

మూడున్నర వారాలకి పిచ్చుక వచ్చింది. ఈసారి రెండు కాళ్ళకీ చెప్పులున్నాయి. కట్టు మీద సిరాతో పువ్వులు, బడిపిల్లల సంతకాలు. సున్నం కట్టు రంపంతో కోసి, రెండు చిప్పలుగా విప్పాడు. లోపలి చెయ్యి పాలిపోయి, సన్నగా, చర్మం రేగి ఉంది. గోరువెచ్చటి నీళ్ళలో కడిగాడు. కడుగుతున్నంతసేపూ మొహం గంటు పెట్టుకునే ఉన్నాడు. అమ్మమ్మ పక్కన ఊపిరి బిగబట్టి నిలబడింది.

"పిడికిలి బిగించు."

బిగించింది. వేళ్ళు బిరుసుగా, మెల్లగా ముడుచుకున్నాయి. నాలుగు గోళ్ళు, ఒకే వైపు. ఒకదాని కింద ఒకటి దూరలేదు.

సున్నం తొట్టి దగ్గరికి తీసుకెళ్ళి కొళాయి తిప్పాడు. "దోసిలి పట్టు." పట్టింది. నీళ్ళు నిండాయి. అతను వంగి ఆ దోసిలి అడుగున చూశాడు. చాలాసేపు చూశాడు. ఒక్క చుక్క రాలలేదు.

"అమ్మయ్య" అంది అమ్మమ్మ. "ఇప్పుడైనా నవ్వవయ్యా మహానుభావా."

అతను నవ్వలేదు. కళ్ళముందు ఇంకో చెయ్యి ఉంది, టికెట్లు చింపేది, చిల్లర జారిపోయేది. పాతికేళ్ళలో అలాంటివి ఎన్ని కట్టాడో, ఎన్నింటి మీద మీసాల మొహాలు గీశాడో లెక్క లేదు. తన అరచేతిని తెరిచి పిల్ల ముందు పెట్టాడు.

"ఇక్కడ గుద్దు."

పిచ్చుక అమ్మమ్మ వైపు చూసింది. తర్వాత పిడికిలితో ఆ తెల్లటి అరచేతి మీద చిన్నగా గుద్దింది.

"అది గుద్దడమా? గట్టిగా గుద్దు."

గుద్దింది. సన్నబడినంత మాత్రాన పిల్లల బలం ఎక్కడికి పోతుంది, ఈసారి చప్పుడైంది.

"ఇంకా గట్టిగా" అన్నాడు సున్నం, చెయ్యి తీయకుండా. "ఇంకా."